లోపలికి నెట్టని పిడి

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు, అక్కడి సబ్హాన్ పారిశ్రామికవాడలో ఒక ముసలి బ్రిటిష్ లారీ ఎక్కి సరిహద్దుకు బయల్దేరాం. వెనక నిండా మనవాళ్లే. ముందు డ్రైవరు, పక్కన నేను. ఆయనది కోనసీమట, పేరు అడగలేదు.

చెక్‌పోస్టులో ఇంజన్ ఆపించారు. ఒక సైనికుడు ఆయన్ని దింపేసి, లారీ తీసుకుపోదామని తనే ఎక్కి తాళం తిప్పాడు. అతని తుపాకీ నా మోకాలికి తగులుతోంది. ఇంజన్ మూలిగిందే గానీ స్టార్ట్ కాలేదు.

"ఖలాస్!" అని విసుక్కుని, దిగి అవతలికి వెళ్లిపోయాడు.

డ్రైవరు ఎక్కి, సీటు పక్కనున్న పిడి చూపించాడు. "ఇది లాగితే డీజిల్ ఆగిపోద్దండి. ఇందాక ఇంజన్ ఆపమన్నప్పుడు లాగి, మళ్లీ లోపలికి నెట్టలేదు. ఇప్పుడు మీరు నెట్టండమ్మా, నాకు చెయ్యి ఆడట్లేదు."

నాకూ ఆడలేదు. ఇద్దరం కలిసి నెట్టాం.