తెలియదని రాయించిన సారు

మా ఫిజిక్స్ సారు పోయారన్న కబురు పోయిన మంగళవారం పొద్దున మా బడి పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. దాని కింద ఎవరో పొరపాటున చప్పట్ల బొమ్మ పెట్టి, కంగారుపడి తీసేశారు. ‘ఎట్ల పోయిండ్రు?’ అని ఒకరు అడిగారు. ‘తెల్వదు’ అని ఇంకొకరు రాశారు. అంతే, ఏడవబోతున్నదాన్ని ఫక్కున నవ్వాను. గ్రూపులో చాలామంది అలాగే నవ్వారట. సారు దగ్గర చదివినవాళ్ళం కదా, ఆ మాట మాకు అలా అలవాటైంది. నిద్రలోనే పోయారని మధ్యాహ్నానికి తెలిసింది.

చిలకలగూడలోని మా బడికి ఆయన వచ్చినప్పుడు నేను తొమ్మిదో తరగతి. పొట్టి మనిషి, దళసరి కళ్ళద్దాలు, కాస్త ఆయాసం. ఆదివారం చర్చిలో పాడేవారు, మిగతా ఆరు రోజులు మా క్లాసులో దగ్గేవారు.

విశ్వం పుట్టుక చెప్పే రోజున జేబులోంచి బెలూన్ తీశారు. ఆడపిల్లలందరి దగ్గరా బొట్టుబిళ్ళలు అడిగి తీసుకుని దానిమీద అంటించారు. కాస్త ఊది, మూతి నొక్కిపట్టి చూపించారు.

“సూడుండ్రి. బొట్టు పెరుగుతలేదు. బొట్టుకు బొట్టుకు నడుమ జాగ పెరుగుతుంది. విశ్వం గిట్లనే పెరుగుతుంది.”

“సార్, మరి నడిమధ్య ఏడుంది?” అన్నాడు ముందు బెంచీ అబ్బాయి.

“ఈ బెలూన్ బుగ్గ మీద నడిమధ్య ఏడుందో నువ్వే సూపియ్యి.”

వాడు వెతుకుతుండగా సారు మళ్ళీ ఊదబోయారు. ఆయాసం వచ్చి కుర్చీలో కూలబడ్డారు. బెలూన్ చేతిలోంచి జారి, మా బొట్లతో సహా కిటికీలోంచి ఎగిరిపోయింది. “విశ్వం జెర ఆగింది. మంచినీళ్ళు తెండ్రి,” అన్నారు.

నీళ్ళు తాగాక అసలు కథ చెప్పారు. మొదట్లో అంతా ఇరుకు, అంతా వేడి. “పండుగ పూట స్టేషన్ల జనం నడుమ ఇరుక్కున్నట్టు, వెలుతురు నాలుగు లక్షల ఏండ్ల దాక బయట పడలే. జనం పల్చవడ్డంక అప్పుడు ఎల్లింది. గా వెలుతురు ఇంకా మన మీద పడుతనే ఉంది.” నేను చెయ్యి చూసుకున్నాను. ఏమీ కనిపించలేదు.

“సార్, అది షురూ కాకముందు ఏముండె?” అని అడిగాను.

సారు కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచారు. “తెల్వదు బిడ్డా.”

క్లాసంతా బిత్తరపోయింది. టీచరు నోట ఆ మాట మేమెన్నడూ వినలేదు. “మీకు తెల్వదా సార్?”

“నాకు తెల్వదు. పెద్ద పెద్ద దుర్భిణులు పెట్టుకొని కూసున్నోళ్ళకు సుత తెల్వదు. అసలు ‘ముందు’ అనే మాట అక్కడ నడుస్తదో లేదో గది సుత తెల్వదు. నోట్సుల ఆఖరి పేజీ తీయుండ్రి. రాస్కోండ్రి.”

అలా మొదలైంది ఆ పేజీ. ప్రశ్న రాయించడం, ఎదురుగా ‘తెలియదు’ అని రాయించడం. కంటికి కనిపించకుండా నక్షత్ర మండలాల్ని పట్టి ఉంచుతున్న పదార్థమేమిటి? తెలియదు. పదార్థం, దానికి విరుద్ధమైనది సమానంగా పుట్టి ఉంటే ఒకదాన్నొకటి తుడిచేసుకోవాలి కదా, మనమెలా మిగిలాం? తెలియదు.

నాకు ఆ జవాబు బాగా నచ్చింది. మూడు నెలల పరీక్షలో ‘కుంభాకార కటకం అనగానేమి?’ అని అడిగితే ‘ఎవరికీ తెలియదు’ అని రాశాను. సారు సున్నా వేసి, పక్కన ఎర్ర సిరాతో రాశారు: ‘నా కళ్ళద్దాలల్ల ఉంది. వచ్చి సూసి పో.’

ఆ పేపరూ, ఆఖరి పేజీ మా నాన్న కంట పడ్డాయి. నాన్న టైలరు. కత్తెర పక్కన పెట్టి, నన్ను రెక్క పట్టుకుని బడికి లాక్కెళ్ళాడు. హెడ్‌మిస్ట్రెస్ మేడమ్ బల్లమీద నోట్సు పరిచాడు.

“మేడమ్, తెల్వదని నేర్చుకోనీకి బడిదాక ఎందుకు? గదేదో ఇంట్ల నా దగ్గర సుత నేర్చుకుంటది.”

మేడమ్ సారును పిలిపించారు. “వచ్చే వారం ఇన్‌స్పెక్షన్ ఉంది సార్. మీరింకా పర్మనెంట్ కూడా కాలేదు. ఈ పేజీ అందరి నోట్సుల్లోంచి చింపించండి.”

“చింపిస్త మేడమ్. జవాబులేందో చెప్పుండ్రి, అవి రాయించి చింపిస్త.”

మేడమ్ పౌరుషంగా కాలేజీ లెక్చరరైన తన మరిదికి ఫోన్ చేశారు. ప్రశ్న చదివి వినిపించారు. చివరికి ఆమె ఫోను పెట్టేసి, “అది సిలబస్‌లో లేదట,” అన్నారు.

పేజీ మిగిలింది. సారు పర్మనెంటు మాత్రం రెండేళ్ళు వెనక్కి పోయింది. ఆ సంగతి తెలిసి నేను స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడి ఏడ్చాను.

“ఏడ్వకు బిడ్డా,” అన్నారు సారు. “నీకు తెల్వంది వేరు, ఎవ్వరికి తెల్వంది వేరు. మొదటిదానికి సదువాలె. రెండోదానికి సంబురపడాలె. నువ్వు రెండు కలిపినవ్, గంతే.”

ఇప్పుడు నేను రైల్వే స్టేషన్ ఎంక్వైరీ కౌంటర్‌లో కూర్చుంటాను. ఆ తేడా నాకు రోజూ పనికొస్తుంది.

నాన్నకు క్షమాపణ చెప్పడం రాదు. పర్మనెంటు సంగతి తెలిసిన రోజే కొలత టేపు మెడలో వేసుకుని సారు ఇంటికి వెళ్ళి, “అంగి కుడ్త సార్, నిలవడుండ్రి,” అన్నాడు. భుజం కొలుస్తూ, మనసులో నలుగుతున్నది కక్కేశాడు. “సార్, ఏం లేనికాడ ఇదంత ఎట్లొచ్చింది? గుడ్డ లేంది అంగి ఎట్ల కుడ్తరు?”

నాన్న కదలొద్దన్నా వినకుండా సారు గిర్రున తిరిగారు. “టైలర్ సాబ్! అసలు ప్రశ్న ఇదే!”

ఆనాటి నుంచి ప్రతి ఆదివారం చర్చి అయ్యాక సారు నేరుగా మా దుకాణానికి వచ్చేవారు. ముప్పై ఏళ్ళు వాదించుకున్నారు. ఆ వాదన వల్ల చిలకలగూడలో ఎవరి ప్యాంటూ చెప్పిన రోజుకు అందలేదు.

రిటైరయ్యాక సారు నగరం అంచున ఉన్న యాప్రాల్‌కు మారారు. ఈ మధ్య అంతరిక్షంలోకి పంపిన కొత్త దుర్భిణి తీసిన ఫొటోలు వచ్చినప్పుడు, నేను డ్యూటీలో ఉండగా ఫోన్ చేశారు.

“బిడ్డా, విశ్వం పసిగుడ్డుగ ఉన్నప్పటి నక్షత్ర మండలాలు దొరికినయ్. అనుకున్నదానికన్న మస్తు పెద్దగున్నయ్. పుట్టంగనే మీసాలొచ్చినట్టు! ఎందుకో ఇంకా తేలలే. ఆఖరి పేజీల ఎక్కించు!” ఆ గొంతులో ఉన్న ఖుషీ మా ఇంట్లో పెళ్ళిళ్ళలో కూడా వినలేదు.

మంగళవారం మధ్యాహ్నం సారు భార్య నాన్నకు ఫోన్ చేశారు. సారుకు పెళ్ళినాటి కోటు పట్టడం లేదట, మంచి కోటుతో సాగనంపాలని ఉందట. నాన్న దుకాణం మూసి ఆరేళ్ళయింది. చూపు మందగించింది. “కొలతలు తీసుకోడానికి వస్తారా అన్నా?” అని ఆమె అడిగితే, “అక్కర్లేదమ్మా, యాదున్నయ్,” అన్నాడు. నేను సూదిలో దారం ఎక్కించి ఇస్తుంటే తెల్లారేసరికల్లా నల్లకోటు కుట్టేశాడు. జీవితంలో మొదటిసారి చెప్పిన టైముకు ఇచ్చాడు.

బుధవారం సమాధుల తోటలో పెట్టె మూసేముందు అందరూ ఒక్కొక్కరే వచ్చి చూస్తున్నారు. నాన్న వంతు వచ్చింది. కాలరు సర్దాడు. రెండడుగులు వెనక్కి వేసి, తల వంచి, భుజాలు సరిగ్గా కూర్చున్నాయో లేదో చూశాడు. మళ్ళీ దగ్గరికి వెళ్ళి, సారు కుడిచేతి మీదికి వంగాడు. ముద్దు పెట్టుకుంటున్నాడనుకుని వెనక ఎవరో వెక్కివెక్కి ఏడ్చారు. నాన్న లేచాడు. వంగి కొరికింది కోటు మణికట్టు దగ్గర మిగిలిపోయిన దారప్పోగుని. ఆ నల్లపోగు కింది పెదవికి అంటుకుని ఉంది. పెట్టె మూత పడేదాకా దాన్ని తుడుచుకోలేదు.