పత్తిగది ముందు పిల్లి పిలుపు

ఈరోజు మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకు, మంగళగిరిలో మా అమ్మాయి ఉండే అపార్టుమెంటు మెట్ల మీద ఒక పిల్లి అరిచింది. మ్యావ్ అంటోంది అమ్మమ్మా అన్నది మనవరాలు, ఫోనులోంచి తలెత్తకుండానే. అది మ్యావ్ కాదు. నోరు తెరవకుండా గొంతులోనే చేసే చిన్న శబ్దం, ఆగి ఆగి మళ్లీ మళ్లీ. అక్కకు వినిపిద్దామని ఫోను తీసి, ఆమె పేరు మీద వేలు పెట్టాక గాని, అక్క పోయి పదిహేడు రోజులైందని గుర్తు రాలేదు. ఎలా మరిచిపోయానో తెలియడం లేదు.

మా చిన్నతనంలో పిల్లి చేసే ఒక్కొక్క శబ్దానికి ఒక్కొక్క మాట ఉండేది. ఒళ్లో పడుకుంటే గుర్రుమనేది, కుక్కను చూస్తే బుస్సుమనేది, గండుపిల్లులు గోడ మీద కలబడితే గీపెట్టేవి. ఇంటిముందు సాగదీసి అరిస్తే మాత్రం అది ఏడుపు, చెడ్డ శకునం, వెంటనే తరిమేయాలి. నాయనమ్మ అలా చెప్పింది, మేము నమ్మాము.

పొలంలో తీసిన పత్తిని అప్పట్లో ఇంటికే తెచ్చి, మధ్యగదిలో నడుమెత్తున పోసేవారు. అమ్మే రోజున బోరెంలోకి, అంటే మనిషి నిలబడేంత పెద్ద గోనెసంచిలోకి ఎత్తి, దూలానికి వేలాడదీసిన ఆ సంచిలో నాన్న దిగి తొక్కేవాడు. నాకు పదకొండేళ్లప్పుడు, ఒక పొద్దున, ఆడకూలీలు గంపలతో పత్తి ఎత్తి నాన్న తొక్కుతున్న బోరెంలో పోస్తూ ఉండగా, మా ఇంటి పిల్లి గుమ్మం దగ్గర ఆగకుండా అరవసాగింది. ధర చాలలేదని దానిక్కూడా తెలిసిందే అని కూలీల్లో ఒకామె అంటే అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. శకునం తప్పించాలని చీపురు తీసుకుని దాన్ని వీధి చివరిదాకా తరిమి వచ్చాను. మెచ్చుకుంటారనుకున్నాను.

అది నాకంటే ముందే తిరిగొచ్చి, ఈసారి అరవకుండా, గొంతులోనే ఆ చిన్న శబ్దం చేసింది. పక్కనే ఉన్న అక్క చటుక్కున నా చెయ్యి పట్టుకుంది.

"అది ఏడవట్లేదే, పిలుస్తోంది."

దానికి జవాబు వచ్చింది. దారమంత సన్నగా, బోరెంలోంచి.

"నాన్నా, కాలు కదపొద్దు," అని అక్క అరిచింది.

నాన్న ఒక కాలు ఎత్తినవాడు ఎత్తినట్టే గోనె అంచు పట్టుకుని నిలబడిపోయాడు. ఆయన కాళ్ల చుట్టూ పత్తిని పిడికెడు పిడికెడు పైకి తీశారు. పిల్లి కుప్పలో పెట్టిన మూడు పిల్లలు దొరికాయి, ఇంకా కళ్లు తెరవనివి. రెండు కదిలాయి. మూడోది వెచ్చగానే ఉంది, కదలలేదు. నాన్న బయటికి దిగి అరుగు మీద కూర్చుని, సాయంత్రం దాకా తన పాదాలనే చూసుకున్నాడు. ఆ రోజు బేరం పోయినా ఎవరూ అడగలేదు. నన్ను కూడా ఎవరూ ఏమీ అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ.

మరుసటేడు నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి వచ్చింది. బోరెంలో మొదటి అడుగు పడే ముందు అందరూ మాటలు ఆపేవారు. అక్క కుప్ప దగ్గర వంగి వినేది. ఊఁ అని ఆమె అన్నాకే నాన్న దిగేవాడు. పెళ్లయ్యాక ఆమె అత్తవారింట్లోనూ అలాగే చేసిందని, మొన్న దినం రోజున అక్క తోడికోడలు చెబితే తెలిసింది.

ఇప్పుడు పత్తి చేలోంచి నేరుగా లారీ ఎక్కుతోంది. దాన్ని ఎవరూ ఇంట్లో పోయడం లేదు, తొక్కే ముందు ఆగి వినడం లేదు.