నలుగురి డబ్బా

నాకూ షుగరు ఉందని తేలిన దగ్గర్నుంచి మా కోడలు మధ్యాహ్నం భోజనం ఎక్కడినుంచో తెప్పిస్తోంది. డబ్బా మూత మీద నా పేరూ, ఏ పూట ఎంత తినాలో అచ్చువేసిన కాగితమూ అంటించి ఉంటాయి. తప్పుపట్టడానికేమీ లేదు, రుచి కూడా బాగానే ఉంటుంది. అయినా ఆ మూత తీసినప్పుడల్లా మా వదిన కట్టిన డబ్బా గుర్తొస్తుంది.

ఛత్తీస్‌గఢ్ కొత్తగా రాష్ట్రమైన రోజులవి. నేను ఒక హిందీ దినపత్రికలో పనిచేస్తూ, భిలాయి సెక్టర్ 6లో అన్నయ్యకిచ్చిన క్వార్టర్లోనే ఉండేవాణ్ణి. అన్నయ్య అక్కడి ఉక్కు ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. షెడ్డు కప్పుకింద, అంత ఎత్తున చిన్న క్యాబిన్‌లో కూర్చుని బరువులెత్తే పని. ఆ ఏడు వైద్య పరీక్షలో షుగరు బాగా ఎక్కువుందని తేలింది. డాక్టరు మూడు నెలలు గడువిచ్చి, అంతవరకు క్రేన్ ఎక్కొద్దన్నాడు. అప్పటికీ షుగరు దిగకపోతే ఇక ఎప్పటికీ కింది పనే. ఇరవై ఏళ్ళు పైనుంచి చూసినవాడికి కింద నిలబడి తలెత్తి చూడడం ఎలా ఉంటుందో ఆయన నోటితో చెప్పలేదు గానీ, ఆ వారమంతా అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయేవాడు.

వదిన శ్రీకాకుళం వైపు మనిషి, కన్నీళ్ళు పెట్టుకునే రకం కాదు. పాత క్యాలెండరు కాగితం వెనక గీతలు గీసి, ఏ పూట ఏం తినాలో రాసి వంటింటి గోడకి తగిలించింది. షిఫ్టు వారంవారం మారేది కనక ఆకలి వేళలూ మారేవి, అందుకని మూడు షిఫ్టులకీ మూడు వరసలు. ఆదివారం ఖుర్సీపార్ బజారునుంచి కాకరకాయలు, మెంతికూర, జొన్నలు, చోళ్ళు, అంటే రాగులు, తెచ్చి, వారానికి సరిపడా పిండి పట్టించి, పప్పులు వేయించి ఉంచుకునేది. అన్నం కొలతకి ఒక చిన్న గిన్నె పెట్టింది. ఒక్కడికి వేరే వంటేమిటని నాకూ అదే కొలత. ప్రెస్సు దగ్గర చాటుగా సమోసాలు తినొచ్చేవాణ్ణని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

నెల తరవాత రక్తం చూస్తే షుగరు ఉన్నచోటే కూర్చుంది. వదిన ఆ గిన్నె తీసేసి ఇంకా చిన్నది పెట్టింది. అన్నయ్య కిక్కురుమనలేదు. అక్కడే అనుమానం రావలసింది, వార్తలు వెతికే వృత్తిలో ఉండి కూడా నాకు రాలేదు.

గుట్టు విప్పింది అన్నయ్య జట్టులోని ఛత్తీస్‌గఢీ ఆయన భార్య. బజార్లో వదినను ఆపి, "దీదీ, ఆ జొన్నరొట్టెలు ఎలా చేస్తారు? మా ఆయన రోజూ అవి తినొచ్చి నా వంటకి వంకలు పెడుతున్నాడు" అందట హిందీలో.

వదిన ఇంటికొచ్చి సంచి దించకుండానే అడిగింది.

"ఏటయ్యా, రొట్టెలాడికీ, షుగరు నీకూనా?"

భోజనాల వేళ జట్టులో నలుగురూ పాత పేపరు పరిచి, అది చాలాసార్లు మా పేపరే, డబ్బాలన్నీ మధ్యలో పెట్టుకుని అందరూ అన్నిట్లోంచీ తినడం ఆ జట్టు ఆచారం. తన డబ్బా తాను ఒళ్ళో పెట్టుకుంటే పొగరు కింద లెక్క. పైగా ఆ ఛత్తీస్‌గఢీ ఆయన తెచ్చే బాసీ, అదే, రాత్రి నీళ్ళు పోసి నానబెట్టిన అన్నం, ఉల్లిపాయ కొరుక్కుంటూ తింటే అచ్చం మన చద్దన్నమే, అన్నయ్య చెయ్యి దానిమీదికే పోయేది. కింద నిలబడి క్రేన్ కొక్కేనికి గొలుసు తగిలించేదీ ఆ బాసీ తెచ్చే ఆయనే.

"ఆడి ముద్ద కాదని, ఆడి చెయ్యి నమ్మి పైనెలా కూసుంటానే?" అన్నాడు అన్నయ్య.

వదిన మర్నాడు ఆ ముగ్గురి ఇళ్ళకీ తనే వెళ్ళి, రెండు నెలలపాటు నలుగురికీ డబ్బా తాను కడతాననీ, పిండీ కూరగాయలూ తలా కాసిని పంపితే చాలనీ చెప్పొచ్చింది. ఒకావిడ నవ్విందట. ఇంకొకావిడ మా ఆయనకేం రోగమని మూతి తిప్పిందట. వదిన అటకమీంచి నాలుగు గిన్నెల పెద్ద క్యారేజీ దింపింది. ఏ షిఫ్టయినా, జ్వరమొచ్చిన రోజు కూడా, నలుగురి రొట్టెలూ కాల్చింది. బాసీ సెలవురోజు ఇంట్లో తినవలసిందే. పేపరు పరిచి పంచుకునే ఆచారం అలాగే ఉంది, మారింది డబ్బాలో సరుకే.

గడువునాటికి షుగరు దిగింది. మళ్ళీ క్రేన్ ఎక్కిన రోజు అన్నయ్య ఇంటికొచ్చి క్యారేజీ వదిన చేతికిచ్చి, పైనుంచి చూస్తే ముగ్గురూ చేతులూపారని మాత్రం చెప్పాడు.

కిందటివారం మా ఇంటికొచ్చిన వదిన నా డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి, "ఒక్కడికేనేటి?" అంది. ఒక్కడికే. ఇప్పుడెవరి పథ్యం వారిది, ఎవరి పేరు వారి మూత మీద. వద్దంటే నొచ్చుకునేవాళ్ళు లేరు, తినకపోతే అడిగేవాళ్ళూ లేరు. ఈ నెలలోనే రెండుసార్లు ఆ మూత తియ్యకుండా పక్కన పెట్టి సమోసాలు తెప్పించుకున్నాను. అన్నయ్యకి ఆ వీలు లేకపోయింది. ఆయన డబ్బాలో ఇంకో మూడు చేతులుండేవి.