గట్టి షాకులు

2004లో తిఫ్రా రోడ్డు మీద నాకు చిన్న మోటార్‌సైకిల్ వర్క్‌షాప్ ఉండేది. పాత బళ్లంటే ప్రాణం. వాటి గురించి నాకు తెలియనిది లేదన్న పొగరు కూడా ఉండేది.

ఒకరోజు సింహాచలం బాబాయి తన ముప్ఫై ఏళ్ల బుల్లెట్ తెచ్చారు. గార్డుగా రిటైరైన ఆయన మా రైల్వే కాలనీలో అందరికీ బాబాయే. వెనక షాక్ అబ్జార్బర్లు, అంటే గతుకుల్లో కుదుపును మింగే స్ప్రింగు గొట్టాలు, నూనె కారిపోయి పనికిరాకుండా ఉన్నాయి.

"మీ పిన్నికి నడుం నొప్పి. ఎనకాల కూకోలేకపోతంది. మస్తూరీ ఊరాయనెవరో బండి కొంటానంటన్నాడు. నాకేమో మనసొప్పట్లేదు. ఆకరిసారి సూద్దాం, మంచి గట్టివి ఎయ్యి బాబూ" అన్నారు.

గట్టివన్నారు కదా అని రాయ్‌పూర్ నుంచి హెవీ డ్యూటీ జత తెప్పించాను. పాల క్యాన్లు మోసే బళ్లకు వేసే రకం. పై బోల్టు నుంచి కింది బోల్టు దాకా ఉండే పొడవును ఐ-టు-ఐ లెంగ్త్ అంటాం. అది పాతవాటితో వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయింది. బిగించేసి, మెచ్చుకోలు కోసం ఎదురుచూశాను.

మర్నాడు బాబాయి ఒక్కరే వచ్చారు. "ఏటి సేసినావురా? లెవెల్ క్రాసింగ్ దాటేసరికి మీ పిన్ని ఏడిసేసింది. బండి దిగి ఇంటికి నడిసెల్లిపోయింది. ఇంక అమ్మేత్తాను."

"గట్టివి ఎయ్యమన్నది నువ్వే గదా బాబాయ్!"

"గట్టివంటే నాలుగు కాలాలు ఉండేవిరా! రాయినాగ ఉండేవి కాదు!"

నాకు తల కొట్టేసినట్టయింది. వెనక కూర్చునే మనిషి ఎంత బరువుంటుందో కూడా నేను అడగలేదు. వారం ఆగమని, పిన్నిని తీసుకురమ్మని బతిమాలాను.

బాబాయి బండి తెస్తే, పైడమ్మ పిన్ని వెనకే రిక్షాలో వచ్చింది. బక్కపలచటి మనిషి. ఇద్దరినీ బండి మీద కూర్చోబెట్టి, వెనక భాగం ఎంత దిగిందో స్కేలుతో కొలిచాను. ఈ దిగడాన్నే సాగ్ అంటాం; అది కొంత ఉంటేనే స్ప్రింగు కుదుపును మింగుతుంది. వేలి మందం కూడా దిగలేదు. స్ప్రింగు బిగువు మార్చే రింగును పూర్తిగా వదులు చేసినా అంతే. పాల క్యాన్ల స్ప్రింగులకు వాళ్లిద్దరూ ఒక లెక్కే కాదు. అదే పొడవులో మెత్తటి స్ప్రింగుల జత తెప్పించాను. అవి బిగించి ఇద్దరినీ మళ్లీ కూర్చోబెడితే, ఈసారి రెండు వేళ్ల మందం దిగింది.

"అచ్ఛా, పదండి" అంది పిన్ని భయంభయంగానే. వాళ్లు క్రాసింగ్ వైపు వెళ్లాక నాకు పని మీద చెయ్యి ఆడలేదు. అరగంటైనా రాలేదు. మళ్లీ నడిచొస్తున్నారేమోనని రోడ్డు మీదికి వెళ్లి నిలబడ్డాను.

గంటన్నరకు వచ్చారు, ఇద్దరూ బండి మీదే. పిన్ని ఒళ్లో కూరల సంచీ. "ఊరవతల కోని దాకా ఎల్లొచ్చినాం" అంది నాతో. "మస్తూరీ ఆయన్ని రావద్దని సెప్పెయ్యండి" అంది బాబాయితో. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. బాబాయి నా భుజం తట్టారు.

ఇప్పుడు షాకులు మార్చమని ఎవరొచ్చినా, వెనక కూర్చునే మనిషిని తీసుకొచ్చేదాకా స్పానర్ పట్టను. "ఆవిడెందుకయ్యా, బండి నాది కదా" అని విసుక్కుంటారు కొందరు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను.