శేఖర్‌గాడి ఫోటోలో ఉన్న టోమాన్ గురించి

నిన్న పొద్దున ట్రైన్‌లో ఉండగా గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది. శేఖర్ పోయాడు. హార్ట్ ఎటాక్.

నా మొహం చూసి ఎదురుగా కూర్చున్నావిడ లేచి సీటిచ్చింది.

మెసేజ్ కింద ఫోటో పెట్టారు. టోమాన్ చేపని రెండు చేతులతో హత్తుకుని, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. అది చూడగానే ఒళ్ళు మండింది.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. మిగతావాళ్ళు చెప్తున్నారు, అవి చదువుకోండి. నేను జరిగింది చెప్తాను.

ఆ చేపని పట్టింది నేను.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు జోరు మీదున్న రోజులవి. ఇద్దరం సింగపూర్‌లో ఒకే ఆఫీసులో కాంట్రాక్ట్ మీద ఉండేవాళ్ళం. నాలుగు రోజులు లీవ్ కావాలంటే మేనేజర్ కాళ్ళు పట్టుకున్నంత పని. అలా సంపాదించిన లీవ్‌తో వుడ్‌ల్యాండ్స్ దగ్గర బోర్డర్ దాటి, మలేషియాలో ఒక నది మీద పడవలో వెళ్ళాం.

ఇంజన్ లేదు. నీళ్ళు ఎటు తీసుకెళ్తే అటు. సాయంత్రమైతే ఒడ్డున టెంట్. పడవ నడిపే ముసలాయన్ని పాక్‌చిక్, అంటే బాబాయ్, అని పిలిచేవాళ్ళం.

టోమాన్ అంటే మన కొర్రమీను జాతే, కాకపోతే చంటిపిల్లాడంత ఉంటుంది. ఎర విసరాలి, లాగాలి, మళ్ళీ విసరాలి. రోజంతా అదే పని. ముందు సీట్లో ఒక్కడే కూర్చుని విసరాలి, గంటకోసారి మారాలి. ఆ రూల్ పెట్టింది శేఖరే. వాడి గంటకి మాత్రం డెబ్బై నిమిషాలుండేవి.

మూడు రోజులు ఒక్కటీ పడలేదు. జలగలు పట్టాయి. నూడుల్స్ అంటే విరక్తి పుట్టింది.

నాలుగో రోజు మధ్యాహ్నం, నా వంతులో, నీళ్ళలో పడి ఉన్న చెట్టు పక్కన విసిరితే గేలం గుంజుకుపోయింది. పావుగంట పెనుగులాడాను. వేళ్ళు కోసుకుపోయాయి. శేఖర్ చేసిందల్లా వల పెట్టి ఎత్తడం.

ఎత్తి నా చేతికివ్వకుండా తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ముందు నాకొకటి తియ్యరా. తర్వాత నువ్వు పట్టుకుందువుగాని."

కొత్త డిజిటల్ కెమెరా, నాదే. తీశాను. క్లిక్ అనగానే ఆ చేప తోకతో వాడి చెంప మీద ఒక్కటిచ్చి నీళ్ళలోకి దూకేసింది.

పాక్‌చిక్ తల పట్టుకున్నాడు. శేఖర్ పడీపడీ నవ్వాడు. అంతవరకైతే నేనూ మర్చిపోయేవాణ్ణి.

ఫోటో నేనే కాపీ చేసి ఇచ్చాను, బుద్ధిలేక. సోమవారానికి ఆఫీసంతా మెయిల్ చేశాడు. హాకర్ సెంటర్ తిండికొట్లలో లంచ్ దగ్గర అందరూ వాడి భుజం తడుతున్నారు.

"అది నేను పట్టింది" అన్నాను.

"ఓకే లా, మరి నీ ఫోటో ఏది?" అని ఒకడన్నాడు. టేబులంతా నవ్వింది.

శేఖర్ వైపు చూశాను. ఒక్క మాట అంటే చాలు. వాడు తల దించుకుని టీ తాగాడు.

ఆ రోజుతో మాటలు బంద్. ఇద్దరం ఉండేది బుకిట్ పంజాంగ్‌లోనే, రెండు బ్లాకుల దూరం. ఒకసారి ఎల్ఆర్‌టీ రైల్లో పక్కకొచ్చి, "ఏరా, మళ్ళీ వెళ్దామా నదికి?" అన్నాడు. నేను ఒక స్టేషన్ ముందే దిగి ఇంటికి నడిచాను.

నిన్న సాయంత్రం వాళ్ళావిడ ఫోన్ చేసింది.

"అన్నయ్యా, ఆ చేప ఫోటో పెద్దది మీ దగ్గరుందట కదా. దండ వెయ్యడానికి కావాలి. ఆయన అందులోనే బాగున్నారు."

చేపని తీసేసి మొహం మటుకు పంపుదామని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఎటు కత్తిరించినా కుదరలేదు. గడ్డం దాకా చేపే ఉంది.

మొత్తం ఫోటో పంపేశాను. చెల్లెమ్మా, ఇది చదివితే ఏమీ అనుకోకు.

ఒరేయ్ శేఖర్, పద్నాలుగేళ్ళు. ఎప్పటికైనా నలుగురిలో ఆ ఒక్క మాట అంటావని చూశాను. నీతో మాట్లాడకుండా ఉండటానికి నేనెంత కష్టపడ్డానో నీకేం తెలుసు. రేపట్నుంచి స్టేషన్‌లో ఎవణ్ణి చూసి మొహం తిప్పుకోవాలిరా.

సరే, వెళ్ళు. నీకు శాంతి దొరకాలనే కోరుకుంటున్నాను. నాకు మాత్రం ఇప్పట్లో దొరకదు.