మోకాటిలోతు వంక

మా ఇంట్లో ఏ పనైనా నేను మొదలుపెడితేనే మొదలవుతుంది. మిగిలినవాళ్లు "చూద్దాంలే" అని కాళ్లు చాపుకొని కూర్చునే రకం. ఆ కార్తీకంలో కార్వేటినగరం అవతల కొండ కింద పారే వంకకు వనభోజనానికి పోదామని తీర్మానించింది కూడా నేనే. నిజానికి వనభోజనం ఒక సాకు. ఎనిమిదేళ్ల మా కూతురు ఆ రోజు పారే నీళ్లలో కాళ్లు పెట్టాలి. అదీ నా పట్టుదల.

అంతకు ముందు ఎండాకాలం చుట్టాల తోటలో, బోరు నీళ్ల తొట్టిలో పిల్లలంతా ఆడుతుంటే ఎవరో దాన్ని వెనకనుంచి తోశారు. రెండు గుక్కలు మింగింది, అంతే. కానీ ఆ రోజు నుంచి తలకు పోసేటప్పుడు కూడా కళ్లు మూయదు. సీకాయ పడి మండి ఏడుస్తుంది, మూయమంటే మాత్రం మూయదు. వీధిలో వాన నీళ్లు నిలిస్తే చుట్టూ తిరిగి పోతుంది. ఆ భయం దాంతోపాటు పెరిగి పెద్దదవుతుందేమోనని నా భయం.

"దాన్ని బలవంతం చేయబాకమే" అన్నాడు మా ఆయన.

"బలవంతం ఎవురు చేస్తారు? పద్దతిగా చేస్తా, సూడు" అన్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ఆయనకు తెలుసు.

పద్ధతిగానే చేశాను. వానలు వెలిసి రెండు రోజులు గడిచాక, వంక తేటపడి ఉంటుందని, ఇద్దరం బండి మీద పోయి చూసి వచ్చాం. పిల్ల మోకాలు ఎంత ఎత్తుందో ఒక కర్ర మీద ముందే గాటు పెట్టుకున్నాను. ఆ కర్రతో వంక అడుగంతా పొడిచి చూశాను. ఒక పెద్ద బండకు ఎగువన, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఎక్కడా నీళ్లు గాటు దాటలేదు. దిగువన గుంత ఉంది కాబట్టి అటు పోకూడదని ఇంట్లో అందరికీ చెప్పి, ఎవరు ఎక్కడ నిలబడాలో కూడా చెప్పాను. జారకుండా పిల్లలిద్దరికీ పాత బూట్లు. తినడానికి చిత్రాన్నం, నంజుకోవడానికి ఊరుబిండి, పెరుగన్నం, అలసంద వడలు.

ఆదివారం పొద్దున ఆటోలో దిగాం. మేమిద్దరం, పన్నెండేళ్ల కొడుకు, కూతురు, మాతోనే ఉండే మా అమ్మ. మా ఆయన వెనకనుంచి రెండు పెద్ద నీళ్ల క్యాన్లు దింపుతూ నవ్వడం మొదలుపెట్టాడు. "నీళ్ల కాడికి నీళ్లు మోసుకొచ్చినోళ్లు లోకంలో మనమే."

నవ్వితే నవ్వనీ. మా ఊరు నగరిలో, ఏట్లో నేను పుట్టినప్పటి నుంచి ఇసుక చూసినన్ని రోజులు నీళ్లు చూడలేదు. మొన్న పారిందని ఈ రోజూ పారుతుందని ఏం నమ్మకం? మా సీమలో ఎవరైనా క్యాను పెట్టుకొనే బయలుదేరతారు.

వంక పారుతూనే ఉంది. కొడుకు బూట్లతో దూకేశాడు. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ ఒడ్డున పలక బండ మీద కూర్చుని కాళ్లు నీళ్లలోకి వేలాడేసింది. కూతురు మాత్రం పావడ రెండు చేతులతో బిగించి పట్టుకొని గట్టు మీదే నిలబడింది. బతిమాలాను. వడ ఇస్తానన్నాను, ఫోన్ ఇస్తానన్నాను. అన్నను చూడమన్నాను. అది తల అడ్డంగా ఊపుతూనే ఉంది. అరగంటకు నా ఓపిక అయిపోయింది. మణికట్టు పట్టుకొని రెండడుగులు లాగాను.

అది పెట్టిన కేకకు అవతలి గట్టున మేకలు కూడా తలెత్తి చూశాయి. విదిలించుకొని పోయి అవ్వ ఒళ్లో తల దాచుకుంది. చిన్న చేతి మీద నా వేళ్లు ఎర్రగా తేలాయి.

మా అమ్మ గొంతు పెంచలేదు. "నేతోళ్ల ఇంట్లో పుట్టినావు. నూలు లాగితే తెగతాదని తెలీదా నీకు?" అని మాత్రం అంది.

నేను దూరంగా నీళ్లలోకి పోయి నిలబడ్డాను. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, గుడ్డ పరుస్తున్న మా ఆయన మీద ఒక అరుపు అరిచాను కూడా.

కాసేపటికి పిల్ల ఏడుపు తగ్గింది. మా అమ్మ గుంత మగ్గం మీద నేసిన మనిషి. నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు దించి, చెక్కలు తొక్కుతూ బతుకంతా గడిపింది. ఆ మగ్గం పోయి చాలా కాలమైనా, ఎక్కడ కాళ్లు వేలాడితే అక్కడ అవి వాటంతటవే ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతాయి. వంకలోనూ తొక్కుతున్నాయి. కూతురు ఒళ్లోంచే అది చూసింది.

"అవ్వా, ఏం చేస్తాండావు?"

"నేస్తాండా."

"మగ్గం యాడ?"

"ఈడే. గుంత ఉండాది, నీళ్లు పారతాండాయి. ఇంగొక జత కాళ్లు తక్కువైనాయి."

అది చాలాసేపు ఆలోచించింది. తర్వాత బండ మీద పక్కన కూర్చుని ఒక కాలు దించింది. ఇంకాసేపటికి రెండోది. "కుడి తొక్కు... ఎడమ తొక్కు" అంటోంది మా అమ్మ. "ఇప్పుడు లేచి నిలబడు" అనే మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. మా ఆయన నా వైపు ఒక చూపు చూశాడు. పోయి ఒక వడ నోట్లో పెట్టుకున్నాను.

అన్నాలు తిన్నాక అది తనంతట తనే బండ దగ్గరికి పోయి, అవ్వ భుజం పట్టుకొని నీళ్లలో నిలబడింది. నేను వంక నడుమ ఉన్నాను. సంతోషం పట్టలేక రెండు చేతులూ చాచాను. అది అక్కడే ఆగిపోయింది.

"చేతులు ఎనక్కి పెట్టుకో" అంది.

పెట్టుకున్నాను. అది అవ్వ భుజం వదిలి ఒక్కొక్క రాయీ కాలితో వెతుక్కుంటూ వచ్చింది. నీళ్లు మోకాలి దాకా వచ్చాయి. ఒకసారి తూలింది. నా చేతులు సగం దాకా వచ్చేశాయి. అది చూసింది. మళ్లీ వెనక్కి పెట్టుకొని వేళ్లు బిగించాను. నా జన్మలో అంత కష్టమైన పని చేయలేదు. నన్ను తాకకుండా నా పక్కనుంచే నడిచి, అవతలి గట్టెక్కింది. గర్వంతో ఏడుపొచ్చింది, సిగ్గూ వేసింది. తిరిగి చూసే ధైర్యం లేక అలాగే నిలబడి ఉన్నాను.

వెనకనుంచి దాని గొంతు వినిపించింది. "అమ్మా, ఇంగ తీయొచ్చు చేతులు."