తుఫానుకి ఎనిమిది లైన్లు

నిఘంటువు ఆఫీసులో ఆయన్ని అందరూ అకారాదిగారు అనేవారు. ఊరికే అనలేదు లెండి! వంటింట్లో డబ్బాల్ని కూడా అక్షరక్రమంలో సర్దిన మహానుభావుడు మరి. కాఫీపొడి పక్కకి కారం వచ్చి కూర్చుంది. ఓ పొద్దున కారం పడ్డ కాఫీ ఎలా మింగాడో ఆయనకే తెలియాలి. "మీ తెలివి తెల్లారినట్టే ఉంది!" అంటూ భార్య నెత్తి కొట్టుకుంది. అయినా డబ్బాలు మాత్రం కదల్లేదు.

ఆ ఆఫీసులో ఓ పద్ధతుంది. ఏ మాటకైనా అర్థం కార్డు మీద ఎనిమిది లైన్లలో రాయాలి. ఆ మాటతో రోజూ పనిబడే మనిషికి చదివి వినిపించి సంతకం తేవాలి. సంతకం లేకపోతే కార్డు అచ్చుకి పోదు.

రిటైరయ్యే ముందు ఆయనకి దక్కిన చివరి మాట తుఫాను. మూడు నెలలు దాని పుట్టుక వెంట పడ్డాడు. అరబ్బీ, పారసీల మీదుగా వచ్చిందని రెండు లైన్లు రాశాడు. గ్రీకుతో చుట్టరికం ఉందని కొందరు, అబ్బే లేదని కొందరు, దానికి మూడు. చైనావాళ్ల 'పెద్ద గాలి'తో ముడిపెట్టేవాళ్లకి ఒకటి. అర్థానికి మిగిలినవి రెండు. మురిసిపోతూ బావమరిది దగ్గరికెళ్లాడు. అతను ఇళ్లకి రేకులు వేసే మేస్త్రి.

మేస్త్రి అంతా విన్నాడు. "చాలా దూరం తిరిగొచ్చావు బావా. మా కప్పు దాకా రాలేదు. గాలి మధ్యలో ఆగుతుందని రాయలేదేం?"

"ఆగితే మంచిదేగా?"

"ఏం మంచి, నా మొహం! ఒకవైపు నుంచి వాయించి ఠక్కున ఆగుతుంది. అయిపోయిందనుకుంటాం. అప్పుడు రెండోవైపు నుంచి కొడుతుంది. నాన్న రేకు బిగిద్దామని పైకెక్కింది ఆ సందులోనే."

మామగారు కప్పు మీంచి పడి చనిపోయారని ఆయనకి తెలుసు. ఎలా పడ్డారని ముప్పై ఏళ్లలో ఒక్కసారీ అడగలేదు. ప్రతి మాట పుట్టుకా ఆరా తీసే మనిషి! సిగ్గుతో తల వాలిపోయింది. అక్కడే కూర్చుని గ్రీకునీ చైనానీ కొట్టేసి, ఆ నాలుగు లైన్లలో మేస్త్రి చెప్పింది రాశాడు. మేస్త్రి ఇంకోసారి చదివించుకుని సంతకం పెట్టాడు.

ఇంటికొచ్చి కార్డు భార్య చేతికిచ్చాడు. "గాలి ఆగగానే కప్పు ఎక్కరాదు" అన్న చోట ఆవిడ ఆగిపోయింది.

"నాన్నకి ఎవరైనా ఈ ముక్క చెప్పుంటే..." అని వెక్కి వెక్కి ఏడ్చింది.

"నేనూ ఏనాడూ నిన్ను అడగలేదే" అన్నాడాయన.

ఆ సాయంత్రం కాఫీ ఆయనే పెట్టాడు. ఆవిడ కళ్లు తుడుచుకుని, ముందు వాసన చూసి, తర్వాత తాగింది.